అరువు తెచ్చిన ఫిలిం

నా ఉద్యోగం చీకటి గదిలో. నరసరావుపేట ఆస్పత్రుల వీధిలో ఒక స్కానింగ్ సెంటరులో రేడియాలజిస్టుని. కంప్యూటరు తెర మీద మనుషుల లోపలి బొమ్మలు చూస్తాను, ఏముందో రాస్తాను, సంతకం పెడతాను. మాచర్ల నుంచి, వినుకొండ నుంచి, గురజాల అవతలి ఊళ్ల నుంచి బస్సు దిగి వచ్చినవాళ్ల వెన్నుపూసలు నాకు బాగా తెలుసు, మొహాలు తెలియవు. ఏ పెళ్లిలోనో ఎవరో పలకరించి "మేడం, నా నడుం మీరే చూశారు" అంటే, నవ్వేసి ఊరుకుంటాను.

వచ్చేవాళ్లలో నడుం నొప్పివాళ్లే ఎక్కువ. మిరప కోతలు మొదలయ్యాక మరీను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి కాయ కోస్తే ఎవరి నడుమైనా నొస్తుంది. దానికి డాక్టరు స్కాన్ రాస్తాడు. నేను చూసి "డిస్కు కొద్దిగా ఉబ్బింది" అని రాస్తాను. అబద్ధం కాదు. కానీ నలభై దాటిన వాళ్లలో ఆ ఉబ్బు లేనివాళ్లు ఎందరని? తీస్తే నాకూ ఉంటుంది. కాగితం మీద ఆ మాట చదివాక మాత్రం, నడిచి వచ్చిన మనిషి పగిలిన కుండని మోసుకెళ్తున్నట్టు వెళ్తాడు. మళ్లీ గట్టిగా అడుగు వేయడానికి భయపడతాడు. ఇదంతా చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ఈ స్కాన్ల వల్ల వీళ్లకి ఏమన్నా ఒరిగిందా, లేక మాకు పని దొరికిందా? ఈ ప్రశ్న నేను కొత్తగా కనిపెట్టింది కాదు. వేరే చోట్ల చాలామంది అడిగారు. మన చేలల్లో వంగే ఆడవాళ్ల గురించి మాత్రం ఎవరూ అడిగినట్టు నాకు కనపడలేదు.

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు ఒకామె ఉంది. లెక్కల మనిషి. ఇద్దరం కలిసి ఒక పద్ధతి అనుకున్నాం. కాళ్లు చచ్చుబడటం, ఒంటేలు ఆగకపోవడం, జ్వరం, ఇలాంటి ప్రమాదం గుర్తులున్నవాళ్లకి వెంటనే స్కాన్ తీయాల్సిందే, వాళ్ల జోలికి పోం. మిగతా ఉత్త నడుం నొప్పివాళ్లలో, ఒప్పుకున్నవాళ్లకి, చీటీ తీసి సగం మందికి ఇప్పుడే స్కాన్, సగం మందికి మందులు, కసరత్తు, ఆరువారాలు ఆగడం. ఆ తర్వాత ఎవరెట్లా ఉన్నారో చూడటం. ఇంతే.

ఇంతేనా అనుకున్నాం గానీ, డబ్బు అడగబోతే తెలిసింది. ఒక వస్తువు అక్కర్లేదేమో తేల్చడానికి ఈ లోకంలో ఎవడూ డబ్బివ్వడు. మిషన్ అమ్మేవాడికి ఆ సంగతి వద్దు. కొన్నవాడికి అసలు వద్దు. స్కాన్ రాసే డాక్టరుకి తీరిక లేదు. తీయించుకునేవాడు తీయించుకున్నానన్న తృప్తిలో ఉంటాడు. మిషన్ కంపెనీ మనిషి ఒకడు మాత్రం ఎంతో మర్యాదగా మా ఇద్దరికీ భోజనం పెట్టించి, "మేడం, ఎర్లీ స్కాన్ వల్ల లాభాలు అని టాపిక్ పెట్టుకుంటే మావాళ్లు తప్పకుండా చూస్తారు" అన్నాడు. లాభాలు ముందే తేలిపోయాక ఇంక చూసేదేముందయ్యా అని అడిగాను. పెరుగన్నం తెప్పించాడు.

ఢిల్లీకి పంపిన దరఖాస్తు తిరిగొచ్చింది. హైదరాబాదు సంస్థ ఒకటి కనికరించింది. వాళ్ల దరఖాస్తులో ఒక గడి ఉంది: ఈ ఫలితాలు ఎవరి కోసం? నేను తడుముకోకుండా రాశాను: డాక్టర్లు, ఆరోగ్య బీమా పథకం అధికారులు, విధానాలు చేసేవాళ్లు. నా స్నేహితురాలు చూసి చివర్లో "రోగులు" అని చేర్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. డబ్బు రెండు విడతలుగా ఇస్తామన్నారు. మొదటిది చిన్నది.

ఇక మా ఓనరు. వాళ్లది వ్యవసాయం చేసే కుటుంబం. మిరపకాయల వ్యాపారంలో సంపాదించి, బ్యాంకు అప్పుతో ఈ మిషన్ కొన్నాడు. ఊళ్లో ఏ ఎన్నికలొచ్చినా ఆయన వరండాలో కుర్చీలు ఖాళీ ఉండవు. నన్ను మొదటి నుంచి "అమ్మాయ్" అనే పిలుస్తాడు. సంగతి చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా మిషన్ మీద నీ పరిశోధనేందమ్మాయ్? కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా ఎవరన్నా?"

"కొమ్మ గట్టిదైతే తెగదులెండి," అన్నాను.

కాసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడకి స్కాన్లో ఏందో కనపడిందని ఆపరేషన్ చేపిచ్చాం. అయినా ఇప్పటికీ లేవలేక లేస్తది. అప్పుడు ఆగుంటే బాగుండేదా?" అని అడిగాడు.

"ఏమో అండీ. ఆ సంగతి తెలుసుకుందామనే."

"సరే. పొద్దున పూట మిషన్ ఖాళీగా ఉంటది గదా, అప్పుడు తీసుకోండి. ఖర్చు మటుకే ఇయ్యండి." ఆయన్ని నేను అప్పటిదాకా పిసినారి అనుకునేదాన్ని. పిసినారే, కానీ ఆ రోజు కాదు.

డాక్టర్లను ఒప్పించడానికి ఒక హోటల్ పై అంతస్తులో మీటింగు పెట్టాం. బిరియాని ఉందని ముందే చెప్పాం కాబట్టి బాగానే వచ్చారు. నేను మాట్లాడుతున్నంతసేపూ వెనక వరసలో ప్లేట్ల చప్పుడు. అయిపోయాక ఒక ఎముకల డాక్టరు లేచి, "మేడం, మీరు చెప్పేది నిజమే. కానీ నేను స్కాన్ రాయకపోతే పేషెంటు నా మెట్లు దిగి ఎదురు ఆస్పత్రి మెట్లెక్కుతాడు. అక్కడ రాస్తారు. నేను చేతకానివాణ్ణి అవుతా," అన్నాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. నిజం చెప్పిన మనిషి మీద కోపం ఎట్లా వస్తుంది? ఆయనే తర్వాత అందరికంటే ఎక్కువ మందిని మా దగ్గరికి పంపాడు.

చీటీలు మొదలయ్యాక అసలు సరదా మొదలైంది. మూసిన కవర్లో చీటీ పెట్టి, ఎవరి కవరు వాళ్లనే తీసుకోమనేవాళ్లం. మా దృష్టిలో అది శాస్త్రం. వచ్చినవాళ్ల దృష్టిలో లక్కీ డ్రా. "స్కాన్" అని వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. "ఆగాలి" అని వచ్చినవాళ్లు "నా రాత" అని నుదురు కొట్టుకునేవాళ్లు. ఒకావిడ పక్కన కూర్చున్న పెద్దాయన్ని పట్టుకుని, "బాబాయ్, నీకెందుకు ఇయ్యన్నీ, నీ చీటీ నాకియ్యి, నాది నువ్వు తీసుకో," అని బేరం పెట్టింది. ఆయన కూడా బస్సులో కిటికీ సీటు ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేయబోయాడు. ఇక అప్పటి నుంచి కవరు తెరిచిన క్షణంలోనే చీటీ మీద పేరు రాయించడం మొదలుపెట్టాం. చాలా తెలివిగా అడ్డుకట్ట వేశామనుకున్నాం.

కానీ చీటీ తర్వాత ఫిలిం ఉందని మాకు తట్టలేదు.

మా వైపు స్కాన్ తీయించుకున్న మనిషి ఇంటికి చుట్టాలు పరామర్శకి వస్తారు. బత్తాయిలో యాపిల్సో తెస్తారు. మంచం మీద కూర్చోగానే, "ఏదీ, ఫిలిం?" అంటారు. పొడుగాటి కవరులోంచి ఫిలిం తీసి ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టుకుంటారు. నల్లటి దాంట్లో తెల్లటి ఎముకలు చూసి, "అబ్బో, పాపం" అంటారు. ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందరికీ అర్థమవుతుంది. ఆ నిమిషం నుంచి ఆ మనిషి నొప్పి నిజమైన నొప్పి. ఇదంతా నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. మా అమ్మ ఎక్సరే ఒకటి మా ఇంట్లో బీరువా పైన ఏళ్ల తరబడి ఉండేది. అయినా నా చదువులో అది ఎక్కడా లేదు కాబట్టి, పరిశోధనలోకీ రాలేదు.

ఆరువారాల తర్వాత ఇళ్లకి వెళ్లి ఎట్లా ఉన్నారో అడగడానికి ఒకమ్మాయిని పెట్టుకున్నాం. రెండో విడత డబ్బు ఇంకా రాలేదు. జీతం లేకుండా ఎన్నాళ్లని చేస్తుంది? వేరే ఉద్యోగం చూసుకుంది. దాంతో ఆదివారాలు నేనే కారేసుకుని తిరగాల్సి వచ్చింది. చీకటి గదిలో ఉండే దాన్ని, ఎండలో పడ్డాను.

ఒక ఆదివారం క్రోసూరు దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ముప్పై కూడా దాటని అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. నాకు గుర్తుంది, "ఆగాలి" చీటీ వచ్చినప్పుడు ఏడ్చింది. నొప్పికి కాదనీ, స్కాన్ లేనందుకనీ నాకు అప్పుడు తెలియలేదు. వాళ్లకి సొంత పొలం ఉంది, మిరప వేశారు. కోతకి కూలీలు దొరకరు. దొరికినా ఇంటి ఆడవాళ్లు ముందు సాలులో ఉండాలి, లేకపోతే కూలీలు వంగరని ఆ ఇంటి పెద్దాయన సిద్ధాంతం. కోడలు నడుం నొప్పంటే అత్త నమ్మలేదు. మొగుడు అమ్మ మాట మీద ఉన్నాడు. ఇవన్నీ నాకు గుమ్మంలోనే ఎదురింటి ఆవిడ చెప్పేసింది.

నేను లోపలికి వెళ్లేసరికి వరండాలో మామగారు, అత్తగారు, ఎవరో చుట్టాలాయన ఒకడు కూర్చుని ఉన్నారు. కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. ఎందుకో వెంటనే తెలిసింది.

"డాక్టరమ్మ గారూ, దేవుడు పంపినట్టొచ్చారు," అంది అత్తగారు. "ఇదిగో, మా కోడలి ఫిలిం. నెలనాడు తెచ్చింది. నడుం అరిగిపోయిందంట, వంగకూడదంట. సరేనని ఇంట్లో కూర్చోబెట్టాం. ఇయ్యాల ఈ మా తమ్ముడొచ్చి చూసి, నాకు తీసిన ఫిలిం ఇట్టా లేదే అంటన్నాడు. మీరే చూసి చెప్పండి, దీంట్లో ఏముందో."

మామగారు ఫిలిం నా చేతికిచ్చాడు. వెలుతురుకి ఎత్తాను. ఒక్క క్షణం చాలు నాకు. అది అరవై దాటిన మగమనిషి వెన్ను. ఎముకల అంచులు ముళ్లు తేలి, ఒక పూస కుదించుకుపోయి ఉంది. బొమ్మల మూలల్లో చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కూడా ఉంది. అది మా సెంటరు ఫిలిమే. చీటీలో "స్కాన్" వచ్చిన ఒక పెద్దాయనది, ఆయనా అదే వీధిలో ఉంటాడు. పెళ్లికి వెళ్తూ పక్కింటి హారం అడిగి తెచ్చుకున్నట్టు, ఈ పిల్ల ఆయన నడుం అడిగి తెచ్చుకుంది.

ఫిలిం దించకుండా అట్లాగే పట్టుకున్నాను, నా మొహం కనపడకుండా. లోపల ముందు వచ్చింది కోపం. ఎన్ని నెలల పని! ఆగిన వాళ్లకీ, స్కాన్ తీసినవాళ్లకీ తేడా చూద్దామని మేం ఇంత పాటుపడితే, స్కానులు వీధి వీధంతా అప్పుకి తిరుగుతున్నాయా? తర్వాత ఆ పిల్ల వైపు చూశాను. చీర కొంగు గుప్పిట్లో నలుపుతూ, నా నోటి వైపే చూస్తోంది. నేను నిజం చెప్తే రేపటి నుంచి మళ్లీ మిరప సాలులో వంగాలి. అది కూడా దొంగ అనే పేరుతో. ఇక ఎప్పుడూ ఏ నొప్పన్నా ఆ ఇంట్లో ఎవరూ వినరు. ఈ ఫిలిం ఆమెది అంటే అబద్ధమాడినదాన్ని అవుతాను. పాతికేళ్లుగా సంతకం పెట్టిన చేయి, దానికీ ఒప్పుకోదు.

ఫిలిం కవరులో పెట్టేశాను.

"దీన్ని చూసి నేను చెప్పగలిగింది ఏమీ లేదండీ," అన్నాను. "నొప్పి ఫిలింలో పడదు. ఎముకలే పడతాయి. మనిషిని చూస్తే చెప్తాను. అమ్మాయ్, ఇట్లా రా."

నవారు మంచం మీద పడుకోబెట్టాను. నేను మనిషిని ముట్టుకుని పరీక్ష చేసి ఎన్నేళ్లయిందో. చేతులు మరిచిపోయాయేమో అనుకున్నాను, మరిచిపోలేదు. కాలు ఎత్తించాను, పాదం నొక్కించాను, నడుం మీద ఒక్కో పూసా తడిమాను. ఒక చోట వేలు పడగానే పిల్ల మంచం పట్టె పట్టుకుంది. అరవలేదు. అరవకపోవడం అలవాటైన మనిషని ఎవరికైనా తెలుస్తుంది. మామగారు తల తిప్పుకున్నాడు, అత్తగారు తిప్పుకోలేదు.

లేచి చెప్పాను. నరం నలగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. నొప్పి మాత్రం నిజం. మంచానికి అతుక్కుపోకూడదు, నడవాలి, ఇంట్లో తేలిక పనులు చేసుకోవచ్చు. తగ్గేదాకా వంగి కాయ కోయకూడదు, టిక్కీ బస్తాలు ఎత్తకూడదు. ఒక్కో మిరపకాయల బస్తా ఎంత బరువుంటుందో ఆ ఇంట్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

"ఫిలిం లేకుండా ఎట్టా చెప్తారండీ?" అన్నాడు చుట్టాలాయన.

"ఫిలిములు చదవడమే నా పని. దాంతోనే బతుకుతున్నాను. ఆ నేనే అక్కర్లేదంటుంటే ఇంకెవరు చెప్తే నమ్ముతావయ్యా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అత్తగారు, "మేం ఎవరికి చెప్పుకున్నాం నొప్పులు?" అని గొణిగింది. అడిగినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, కోడలితో, "ఏమే, డాక్టరమ్మకి మజ్జిగియ్యి. వద్దులే, కూర్చో. నేనిస్తా," అని లోపలికి పోయింది.

కారు దగ్గరికి ఆ పిల్ల వెనకే వచ్చింది. "మేడం, నా పేరు కొట్టేస్తారా?" అని అడిగింది. పరిశోధన లోంచి అని. "ఆ ఫిలిం తిరిగిచ్చేయ్ ముందు," అన్నాను. నవ్వింది, కళ్ల నీళ్లతోనే.

ఆ తర్వాత వారాల్లో ఇళ్లు తిరుగుతూ ఇదే కళ్లతో చూస్తే, ఇంకా కొన్ని ఫిలిములు దొరికాయి. ఎవరినీ తప్పు పట్టలేదు. నివేదికలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను. డబ్బిచ్చిన సంస్థవాళ్లు వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. ఒకాయన పగలబడి నవ్వాడు. ఇంకొకావిడ, ఆ ఇళ్లని లెక్కలోంచి తీసేస్తే మిగతా పని శుభ్రంగా ఉంటుంది కదా అంది. శుభ్రం! మా చిన్న పరిశోధనలో తేలిందేమంటే, స్కాన్ తీసినా తీయకపోయినా నొప్పి తగ్గడంలో పెద్ద తేడా కనపడలేదు. ఇంట్లో వాళ్లు నమ్మారా లేదా అన్న దగ్గర మాత్రం కనపడింది. కాబట్టి రెండో విడతలో, పేషెంటుతో పాటు ఇంట్లో మాట చెల్లేవాళ్లని కూడా పిలిపించి, స్కాన్ లేకుండా వాళ్ల ఎదురుగా చెప్పి చూస్తాం, దానికి డబ్బివ్వండి అని అడిగాను.

"ఇది ఇమేజింగ్ పరిశోధన కాదు కదా మేడం," అన్నారు.

"బొమ్మ అక్కర్లేదని తేల్చడమే కదా సార్ మన ఇమేజింగ్ పరిశోధన," అన్నాను. నా స్నేహితురాలు బల్ల కింద నా కాలు తొక్కింది. రెండో విడత ఇక రాలేదు. నాకు బాధగానే ఉంది, ఇప్పటికీ ఉంది. మా ఓనరు మాత్రం, "పోనీలే అమ్మాయ్," అని, వాళ్లావిడకి కసరత్తు నేర్పే మనిషి ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు.

కోతలన్నీ అయిపోయాక, ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం, రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "మేడం, ఎవరో పెద్దావిడ, స్కానింగ్ వద్దంట, మిమ్మల్నే చూడాలంట," అంది. బయటికి వచ్చాను. క్రోసూరు వైపు అత్తగారు. చేతిలో కవరూ లేదు, పాత మందుల చీటీలూ లేవు. కోడలెట్లా ఉందని అడిగాను. బాగానే ఉందంది, ఇప్పుడు పనులు చేసుకుంటోందంది. మరి నువ్వెందుకొచ్చావమ్మా అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి వీధి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు ఆమె భర్త మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఈయన్ని తీసుకొచ్చా," అంది. "నాకు చానా ఏళ్లుగా నొస్తన్నదని చెప్తే ఇనడు. ఆ రోజు నా కోడలి నొప్పి గురించి మాకు చెప్పావు గదమ్మా. అట్టాగే నా గురించి ఈయనకి చెప్పు."

నా చీకటి గదిలో ఒకటే కుర్చీ ఉంటుంది. ఇంకో రెండు తెప్పించి, ఆయన్ని లోపలికి పిలిచాను. ఆయన వచ్చి కూర్చునేదాకా ఆమె నొప్పి ఎక్కడో చెప్పలేదు.